అరగడియ చదువు



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము పదవతరగతి పిల్లలది. కాని నా మాట పిల్లలతో కాదు, వారి తాతలతోను, నాయనమ్మ అమ్మమ్మలతోను, ఊరి పెద్దలతోను. ఇంగ్లీషు ప్రశ్నపత్రమునందు పిల్లవాడు ఎన్నడును చూడని గద్యభాగము నొకదానిని అచ్చువేసి, దానిక్రింద కొన్ని ప్రశ్నలు వేయుదురు. అతడు దానిని చదివి, భావమును గ్రహించి, గడియారము నడచుచుండగానే జవాబులు వ్రాయవలెను. వల్లెవేసిన పాఠ మిచట అక్కరకు రాదు. అంగడిలో కొన్న గైడు అసలే పనికిరాదు. ఈ విద్యను ఇంటిలో సాధించుట యెట్లు, ఇంగ్లీషు అక్షరము రాని పెద్దలు ఇందులో చేయగల సాయమేమి అనునది నేటి ప్రసంగము.

ఇది చిన్న విషయముగా తోపవచ్చును. పదింటిలో ఒక ప్రశ్న, ఐదారు మార్కులు, అంతే గదా యని కొందరు తలంతురు. రామగుండము, గోదావరిఖని, ఎనిమిదవ ఇంక్లైను కాలనీ, సెంటినరీ కాలనీ, వాని చుట్టునున్న పల్లెలు ఎరిగినవారు అట్లు తలంపరు. ఈ నేలమీద ఒకప్పుడు చదువునకును కొలువునకును ఇంత ముడి లేదు. బాయిలోనికి దిగుటకు కండబలము చాలెను. తట్టయు చెమ్మసును పట్టి టబ్బు నింపగలవానికి మస్టరు పడెను. తండ్రి దిగిపోయిన పిమ్మట కొడు కాచోట నిలిచెను. సింగరేణిలో ఒకానొక కాలమున లక్షకు మించిన కార్మికు లుండిరి. యంత్రములును, ఓపెన్‌కాస్టు గనులును పెరిగిన పిమ్మట ఆ సంఖ్య నలుబదివేల ప్రాంతమునకు దిగినది. బొగ్గు తగ్గలేదు, మనుష్యుల అవసరము తగ్గినది. 2022 సెప్టెంబరులో కంపెనీవారు 177 జూనియర్ అసిస్టెంటు కొలువులకు వ్రాతపరీక్ష పెట్టగా తొంబదివేలకు మించిన దరఖాస్తులు వచ్చెను. లెక్క చూడుడు: ఒక్క కుర్చీకి ఐదువందలమందికి పైగా. అట్టి పోటీలో ప్రశ్నను సరిగా చదివినవానికిని, తొందరలో తప్పుగా చదివినవానికిని నడుమ దూరము ఐదారు మార్కులు కాదు, ఒక బ్రతుకు.

గనిలోనే ఉండి పైకి రావలెనన్నను ఇదే దారి. మైనింగు సర్దారు కావలెనన్న, ఓవర్‌మన్ కావలెనన్న నియమావళులను చదివి గ్రహింపవలెను. 2017 నాటి బొగ్గుగనుల నియమావళిని చదివినవా రెరుగుదురు: అందు ఒక్కొక్క వాక్యము పది పదునైదు వరుసలు సాగును, కర్త ఒకచోట, క్రియ మరియొకచోట, నడుమ నాలుగు మినహాయింపులు. ఇట్టి వాక్యమును చివరిదాక పట్టుకొని పోవు ఓపిక పదవతరగతిలోనే అలవడవలెను.

మరియొక మార్పును చెప్పవలసియున్నది. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1వ తరగతి మొదలు 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టి, ఒక పుటయందు తెలుగు, దాని ఎదుటి పుటయందు ఇంగ్లీషు ఉండునట్లు పాఠ్యపుస్తకములను అచ్చువేసిరి. మంచిదా చెడ్డదా అను తర్కము నేను చేయను. ఆ తర్కమునకు వేరొక దినము కావలెను. పిల్లవానికి మాత్రము ఇంగ్లీషు ఒక్క పాఠముగా నుండుట మాని, పాఠములన్నిటికిని వాకిలియైనది. వాకిలి తెరుచుకొననిచో లోపలి గణితమును లేదు, విజ్ఞానమును లేదు.

పరభాషలో చదువు మన ప్రాంతమునకు క్రొత్త గాదు. నిజాము ప్రభువుల కాలమున కరీంనగరము జిల్లాలోని తెలుగుపిల్లలు ఉరుదూ మాధ్యమమున చదివిరి. 1918లో తెరువబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము పై చదువులను సైతము ఉరుదూలోనే చెప్పి, ఇంగ్లీషును తప్పనిసరి పాఠముగా నుంచెను. ఇంటిలో తెలుగు, బడిలో ఉరుదూ, పరీక్షలో ఇంగ్లీషు. మూడు పడవలపై కాళ్లు మోపి నడిచినవారు మన తాతముత్తాతలు. వారిలో నెగ్గినవారు కొందరే, మునిగినవారు పెక్కుమంది. ఆ మునిగినవారి లెక్క ఏ పుస్తకమునను లేదు.

నేటి లెక్క కొంత కలదు. 2023లో ‘అసర్’ అను సర్వే వారు దేశమున 26 రాష్ట్రములలోని 28 జిల్లాలకు పోయి, 14 మొదలు 18 ఏండ్లవరకు గల గ్రామీణ యువజనులచేత చిన్న ఇంగ్లీషు వాక్యములను చదివించి చూచిరి. చదువగలిగినవారు నూటికి 57 మంది. ఆ చదువగలిగినవారిలో అర్థము చెప్పగలిగినవారు నాలుగింట మూడువంతులు. అనగా నూర్గురిలో అర్థముతో చదివినవారు నలుబదికి కొంచె మెక్కువ. మిగిలినవారిలో పదునైదుమంది వరకు నోటితో చదివిరి, మనసుతో చదువలేదు. నన్ను కలవరపెట్టువారు ఈ పదునైదుగురే. చదువరాని పిల్లవానిని పెద్దలు గుర్తింతురు. గలగల చదివి ఏమియు గ్రహింపని పిల్లవానిని ఎవ్వరును గుర్తింపరు, పైగా మెచ్చుకొందురు.

గ్రహించుట యనగా నేమి? ఈ విషయమున మీకు ఇంగ్లీషు పండితు లుపదేశింప నక్కరలేదు. సుమతి శతకమో, భాగవతమో చదివిన పెద్దలకు పద్యము, ప్రతిపదార్థము, అన్వయము, తాత్పర్యము అను నాలుగు మెట్లు తెలియును. పద్యము రాగముతో చదివినంతమాత్రమున తాత్పర్యము వచ్చినట్లు కాదు. ప్రతిపదార్థము వచ్చియు అన్వయము కుదరక తికమకపడువారిని మనము చూచియున్నాము. మంథని వంటి వేదవిద్యాస్థానము చెంతనే ఉన్నది; అర్థ మెరుగక వేదమును మోయువానిని యాస్కుడు నిరుక్తమున నిందించిన సంగతి అచ్చటి పండితులు చెప్పుదురు. పరీక్షలోని ఇంగ్లీషు గద్యభాగము అడుగున దీ తాత్పర్యమునే. పేరు మాత్రము వేరు.

ఒక చిన్న చమత్కారమును మీ యింటిపిల్లలపై ప్రయోగించి చూడుడు. “గుబలము తడిమిలో జిలికెను” అని వారికి చెప్పుడు. “గుబలము ఎక్కడ జిలికెను?” అని అడుగుడు. “తడిమిలో” అని తటాలున జవాబు వచ్చును. జవాబు సరియైనదే, మార్కు పడును. కాని గుబలమన నేమో, తడిమి యన నేమో ఆ పిల్లకును తెలియదు, నాకును తెలియదు, అట్టి మాటలే లేవు. మన పిల్లలలో పెక్కురు ఇంగ్లీషు భాగమునకు జవాబు వ్రాయు పద్ధతి యిదియే. ప్రశ్నలోని ఒక మాటను పట్టుకొందురు. ఆ మాట గద్యములో ఎచట నున్నదో వెదకుదురు. ఆ వాక్యమును ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాయుదురు. రెండు మూడు ప్రశ్నల కిది చెల్లును. “ఎందుకు?” అని గాని, “దీనినిబట్టి నీకేమి తెలియుచున్నది?” అని గాని అడిగిన ప్రశ్నయొద్ద బండి ఆగిపోవును.

అమెరికాలో థార్న్‌డైక్ అను మనస్తత్త్వవేత్త 1917లోనే ఈ జబ్బును పరీక్షించి, చదువుటయే ఒక తర్కమని వ్రాసెను. ఆయన పిల్లల కిచ్చిన భాగములలో ఒకటి ఫ్రాంక్లిన్ అను ఊరి బడిహాజరు నియమము: ఇన్ని ఏండ్లు మొదలు ఇన్ని ఏండ్లవరకు గల ప్రతి బాలుడును బడికి రావలెను, పోలేనంత జబ్బుగా నున్నను, ఇంటిలో అంటురోగమున్నను, దారులు నడువరాకున్నను తప్ప. ఈ భాగము దేనిని గూర్చినదని అడుగగా కొందరు పిల్లలు “ఫ్రాంక్లిన్” అని ఊరిపేరు వ్రాసి ఊరకుండిరి. వారికి మాటలు తెలియక కాదు. ఒక మాట పెద్దదై మనసునందు కూర్చుండి తక్కిన మాటలను త్రోసివేసెను. ఏ మాటకెంత బరువో తూచలేకపోవుటయే తప్పునకు మూలమని ఆయన తేల్చెను. వారి మాతృభాష ఇంగ్లీషే యని మీరు గమనింపవలెను.

ఆ “తప్ప” అను చిన్న మాట యున్నదే, ఇంగ్లీషులో దానిని ‘అన్‌లెస్’ అందురు. ‘నాట్’, ‘ఓన్లీ’, ‘ఎక్సెప్ట్’, ‘హవెవర్’, ‘బిఫోర్’, ‘అంటిల్’ అనునవి దాని చుట్టములు. పిల్లలు పెద్దపెద్ద మాటలకు అర్థములు వెదకి వ్రాసికొందురు. ఈ చిన్నవానిని లెక్కచేయరు. వాక్యమును త్రిప్పివేయునవి ఇవియే. బాయిలో పనిచేసినవారికి దీనిని విప్పిచెప్ప నక్కరలేదు. పైకప్పును తట్టి చూచి, ఆధారములు నిలిపిన తరువాత తప్ప ఎవ్వరును లోపల అడుగుపెట్టరాదని బోర్డుపై వ్రాసియున్నప్పుడు, ఆ “తప్ప”ను చదువక “అడుగుపెట్టరాదు” అని మాత్రమే చదివినవాడు పని మాని కూర్చుండును. “ఆధారములు నిలుపుట” వరకే చదివినవాడు ప్రాణమును పోగొట్టుకొనును. పిల్లవాడు చదువునపుడు పెన్సిలుతో ఈ చిన్నమాటలక్రింద గీత గీయుమనుడు. నేను చూచినంతవరకు ఇంత చవుకగా ఇంత ఫలమిచ్చు ఉపాయము మరియొకటి లేదు.

ఇక కాలము మాట. చదువును గడియారముతో కొలుచు వాడుక ఎక్కడనుండి వచ్చినది? 1914-15 ప్రాంతమున అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున కెల్లీ యను ఉపాధ్యాయ శిక్షకుడు ఒక మౌనపఠన పరీక్షను తయారుచేసెను. ఒకే జవాబుపత్రమునకు ఒక్కొక్క పంతులు ఒక్కొక్క విధముగా మార్కులు వేయుట ఆయనకు అన్యాయముగా తోచినది. అందుచేత ఒకే సరియైన జవాబుండు ప్రశ్నలను కూర్చి, ఐదు నిమిషముల గడువు పెట్టెను. ఆనాడు మొదలైన ఐదు నిమిషముల ఆట నేడు లోకమెల్ల వ్యాపించినది. బ్యాంకు కొలువునకు అదియే, రైల్వే కొలువునకు అదియే.

మన పరీక్షకు వత్తము. పదవతరగతి పరీక్షలను పదునొకండు పత్రములనుండి ఆరింటికి తగ్గించినపుడు ఇంగ్లీషు ఒక్కటే పత్రమైనది. 80 మార్కులు, 3 గంటలు. మూడు గంటలనగా 180 నిమిషములు. ఎనుబదిచేత భాగింపగా ఒక్క మార్కునకు రెండుంబావు నిమిషము. కావున ఐదు మార్కుల గద్యభాగమునకు న్యాయముగా దక్కు కాలము పదునొకండు పన్నెండు నిమిషములు. పన్నెండు నిమిషములనగా మన పాత లెక్కలో అరగడియ. దినమునకు అరువది గడియలు, గడియకు ఇరువదినాలుగు నిమిషములు గదా. చిల్లిపెట్టిన గడియకుడుక నీటిలో సగము మునుగునంత సేపు. ఆ సేపటిలో చదువుట, గ్రహించుట, వ్రాయుట మూడును ముగియవలెను.

ఈ అరగడియను పంచి చూచెదము. భాగము 180 మాటలది అనుకొందము. నిమిషమునకు అరువది మాటలు చదువు పిల్లవానికి ఒక్కసారి చదువుటకు మూడు నిమిషములు పట్టును, రెండుసారులకు ఆరు. వ్రాయుటకు మిగిలినది ఆరు. ఒక్క ప్రశ్న తబ్బిబ్బు చేసిన చాలును, లెక్క తప్పును. నిమిషమునకు నూట ఇరువది మాటలు చదువువాడు రెండుసారులు చదివియు మూడే నిమిషములు వాడును. తక్కిన తొమ్మిది నిమిషములు ఆలోచనకు అతని సొత్తు. ఇంగ్లీషు మాతృభాషగా గల పెద్దవారు మౌనముగా నిమిషమునకు రెండువందలకు పైగా మాటలు చదువుదురు. మన పిల్లవాడు వారితో పందెము వేయనక్కరలేదు. అరువదినుండి నూరునకు వచ్చిన చాలును.

ఇచట ఒక హెచ్చరిక. వేగము కావలెనని మొదటిదినముననే పిల్లవాని ముందర గడియారము పెట్టి “ఊఁ, తొందరగా” అని కూర్చుండరాదు. తొందర అర్థమును మ్రింగును. మొదటి రెండువారములు గడువు పెట్టకుడు. ఎంత సేపు పట్టినదో మాత్రము వ్రాసికొనుడు. పిల్లవానికి చెప్పకయే వ్రాసిన మరియు మంచిది. సామ్యుఎల్స్ అను అమెరికా పండితుడు 1979లో పునఃపఠన మను పద్ధతిని వివరించెను: తెలిసిన చిన్నభాగమునే మూడు నాలుగుసారులు చదివించుట, ప్రతిసారియు కాలమును గుర్తించుట. ఒకే భాగముపై వేగము పెరుగుట పిల్లవానికి స్వయముగా కనబడును. చిత్రమేమనగా ఆ సడలింపు క్రొత్త భాగమునకును కొంత ప్రాకును. మన సంత చెప్పు పద్ధతికిని దీనికిని పోలిక లేకపోలేదు గాని, ఇచట ప్రతిసారియు అర్థము వెంట నడువవలెను. మూడవవారమునుండి గడువు పెట్టుడు. మొదట ఇరువది నిమిషములు, పిమ్మట పదునారు, తుదకు అరగడియ.

భాగమును ఎంచుటలో చాలమంది పొరపడుదురు. కఠినమైనది చదివిన తేలికది వచ్చునని తలంచి, ఇంగ్లీషు దినపత్రికలోని సంపాదకీయమును పిల్లవాని ముందర పడవేయుదురు. ఇది రాళ్లగుట్టపై నాగలి కట్టుట. అర్థము తోడు లేకుండ తనంతట తాను గ్రహించుటకు నూటికి తొంబదియెనిమిది మాటలు ముందే తెలిసియుండవలెనని 2000లో వెలువడిన ఒక పరిశోధన చెప్పుచున్నది. అనగా ఏబది మాటలకు ఒక్క క్రొత్తమాట. మైకేల్ వెస్ట్ అను ఇంగ్లీషు విద్యావేత్త 1920లలో ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడుపుచు, బెంగాలీ పిల్లలకొరకు వాచకములు వ్రాయునపుడు క్రొత్తమాటలను దూరదూరముగ చల్లెను. మడిలో విత్తనము చల్లినట్లు, ఒక్కచోట గుమ్మరించిన మొలవదు. మీకు ఇంగ్లీషు రాకున్నను ఈ పరీక్షను మీరే చేయవచ్చును. పిల్లవానిని మొదటి ఏబదిమాటలు చదివి, తెలియని మాటలక్రింద గీత గీయుమనుడు. గీతలు ఒకటి రెండైన ఆ భాగము సాధనకు తగును. ఐదారైన దానిని ప్రక్కకు పెట్టుడు. క్రింది తరగతి పుస్తకము తెప్పింపుడు. తొమ్మిదవతరగతి పిల్లవాడు ఆరవతరగతి వాచకము చదువుట అవమానము కాదు. బరువు ఎత్తుటకు చిన్నరాయితో మొదలుపెట్టినవానిని ఎవ్వరును నవ్వరు.

మన యిండ్లలో బిగ్గరగా చదివినదే చదువని పేరు. గొంతు వినబడకున్న “ఏం బిడ్డా, చదువు ఆపినవా?” అని అడుగుట వాడుక. పరీక్షగదిలో గొంతునకు తావులేదు. పెదవులు కదలని చదువు వేరొక విద్య. దానికి వేరుగ సాధన కావలెను. కంపెనీ క్వార్టర్లలో ఇది అవసరము కూడ. రాత్రి షిఫ్టు చేసివచ్చిన తండ్రి పగలు నిద్రించుచుండును, రెండే గదులు, పిల్ల గొంతెత్తిన ఆయన నిద్ర చెడును. నిద్ర చెడినవాడు మరల రాత్రి బాయిలో దిగుట మేలు కాదు. ఆ నిశ్శబ్దమును శాపమని తలంపక, మౌనపఠనమునకు వాడుకొనుడు. తొలుదొలుత పిల్ల పెదవులు కదలును, వ్రేలు వరుసలవెంట పోవును. వ్రేలు పోనిండు, అది దోషము గాదు. పెదవులు తామే ఆగును.

ఇప్పుడు తాతగారి పనికి వత్తము. ఇంగ్లీషు రాకపోవుట ఇచట లోపము గాదు. నా యభిప్రాయమున అదియొక లాభము. ఇంగ్లీషు వచ్చిన తండ్రి పిల్లవాడు తడబడగానే అర్థము చెప్పివేయును. రాని తాత చెప్పలేడు గనుక పిల్లవాడే చెప్పవలసి వచ్చును. గడువు ముగిసినపిమ్మట పుస్తకమును మూయించి, “అందులో ఏమున్నదో నాకు మన మాటల్లో చెప్పు బిడ్డా” అని అడుగుడు. పిల్లవాడు తెలుగులో కథగా చెప్పగలిగిన తాత్పర్యము దొరికినట్లే. అచ్చటచ్చట నత్తుచు, ఇంగ్లీషు మాటలనే మరల వల్లించిన దొరకనట్లే. అటుపిమ్మట అతడు వ్రాసిన జవాబులను ఒక్కొక్కటిగా తీసికొని, “ఇది ఏడ రాసున్నది? చూపెట్టు” అనుడు. అతడు వ్రేలు పెట్టి వరుసను చూపి, దానిని తెలుగులో విప్పవలెను. కొన్ని జవాబులు ఏ వరుసలోను ఉండవు. రెండు వరుసలను కలిపి ఊహింపవలెను. “ఇది రాసిలేదు తాతా, దీనినిబట్టి అనుకున్న” అని పిల్లవాడు చెప్పిన, ఏ రెండింటినిబట్టి యని అడుగుడు. ఇంతకుమించిన పరీక్షాధికారి ఏ బడిలోను లేడు.

ఒకటి మాత్రము చేయరాదు. తప్పు దొరికినపుడు పక్కింటి పిల్లతో పోల్చకుడు. పిల్లవాడు మరునాడు తప్పులను దాచుట నేర్చుకొనును. దాచిన తప్పు దిద్దబడదు.

చదువునందు మాటలకన్న లోపలిదైన అంశమొకటి కలదు, విషయజ్ఞానము. 1988లో రెక్ట్, లెస్లీ అను ఇరువురు అమెరికాలో బేసుబాల్ ఆటను గూర్చిన కథ నొకదానిని పిల్లలకు చదువనిచ్చిరి. చదువులో వెనుకబడినను ఆట తెలిసిన పిల్లలు, చదువులో ముందున్నను ఆట తెలియని పిల్లలకన్న బాగుగా గ్రహించిరి. దీనిని మన ప్రాంతమునకు అన్వయించి చూడుడు. బొగ్గుగనిని గూర్చిన భాగము వచ్చిన గోదావరిఖని పిల్లవాడు సగము చదువకముందే గ్రహించును. టబ్బు, గాలిమర, పేలుడు, సైరను అతనికి ఇంటిమాటలు. ఓడరేవును గూర్చి గాని, మంచుకొండను గూర్చి గాని వచ్చిన అతడు చీకటిలో తడుముకొనును. ప్రశ్నపత్రము చేయువాడు మన ఊరిని తలంచి చేయడు. ఐతే ఆ జ్ఞానము ఇంగ్లీషులోనే రావలెనని యెచట నున్నది? ఓడ యెట్లు తేలునో, తపాలా ఎట్లు నడచునో, గోదావరికి వరద ఎందుచేత వచ్చునో, మశూచి ఎట్లు మాసెనో తెలుగులో విన్న పిల్లవాడు ఇంగ్లీషులో దానిని చదువునపుడు మాట తెలియకున్నను త్రోవ పోల్చుకొనును. సాయంకాలము అరుగుమీద మీరు చెప్పు ముచ్చటలును, తెలుగు పత్రికలో మీరు చదివి వినిపించు వార్తలును పరీక్షకు పనికివచ్చునని మీకు తోచియుండదు. పనికివచ్చును.

ముందు ప్రశ్నలు చదువవలెనా, భాగము చదువవలెనా యని పిల్లలు తరచుగ అడుగుదురు. శిక్షణకేంద్రములలో ప్రశ్నలే ముందు చదువుమని బోధింతురు. నేను దానితో పూర్తిగ ఏకీభవింపను. ప్రశ్నలను ముందు చదివిన బలహీనుడు గద్యమును చదువుట మానివేసి, మాటల వేట మొదలుపెట్టును. మరల గుబలమును తడిమియుగా ముగియును. భాగమును మొదట ఒక్కసారి ఆగక చివరిదాక చదువుమనుడు. తెలియని మాటవద్ద నిలువనీయకుడు. పిమ్మట ప్రశ్నలు. ఆ పిమ్మట భాగమునకు మరలివచ్చి, జవాబున్న తావును నెమ్మదిగా చదువవలెను. ఈ పద్ధతిలో స్థిరపడిన పిల్లవాడు, బ్యాంకు పరీక్షలవలె వడి అధికమైన చోట్లకు పోయినపుడు, వలసిన క్రమమును తానే మార్చుకొనును. చిక్కిన ప్రశ్నను విడిచి ముందునకు పోవుటయు నేర్పవలెను. ఒక మార్కు కొరకు ఏడెనిమిది నిమిషములు కూర్చుండిన, చివరనున్న లేఖకు కాలము చాలదు.

సాధనకు భాగములు ఎచట దొరకునని చింతింపనక్కరలేదు. రెండుభాషల పాఠ్యపుస్తకములు ఇంటిలోనే ఉన్నవి. పిల్ల తన తరగతికి క్రింది తరగతి సాంఘికశాస్త్రమునుండి ఒక పుట తీసికొని, తెలుగుపుటపై అట్ట కప్పి, ఇంగ్లీషుపుటను అరగడియలో చదివి, తాతగారికి తాత్పర్యము చెప్పవలెను. అటుపిమ్మట అట్ట తీసి, ఆ తెలుగుపుటను తాతగారే చదివి, పిల్ల చెప్పినదానితో సరిచూడవచ్చును. ఇంగ్లీషు రాని పెద్దకు ఇంగ్లీషు జవాబును దిద్దు అధికారమును ఇచ్చిన పుస్తక మిదియొక్కటే. దానిని ఏడాది ముగియగానే పాతకాగితములవానికి అమ్మివేయుచున్నారు. ఉంచుకొనుడు, తమ్ముళ్లు చెల్లెండ్లు ఉన్నారు.

వారమునకు నాలుగు దినములు చాలును. దినమునకు ఒక్క భాగము. ఒక నోటుపుస్తకమున తేది, మాటల లెక్క, పట్టిన నిమిషములు, సరియైన జవాబులు, తప్పుచేసిన చిన్నమాట, ఈ ఐదును మీ చేతితో తెలుగులో వ్రాయుడు. నిమిషములు తగ్గుచు జవాబులు కూడ తగ్గుచుండిన గడువును మరల సడలింపుడు. జవాబులు నిలకడగా నుండి నిమిషములు తగ్గుచున్న సాధన సాగుచున్నట్లు. సెల్లుఫోను గడియారముతో అలవాటు చేయకుడు. పరీక్షగదిలోనికి దానిని రానీయరు. గోడగడియారమును గాని, పాత చేతిగడియారమును గాని ముందర పెట్టుడు. ఆకుమీది ముల్లు చూచి “ఇంక నాలుగు నిమిషములు” అని పిల్లవాడే గ్రహింపవలెను గాని, మీరు చెప్పరాదు. సంక్రాంతికి ముందు మొదలుపెట్టిన పిల్లకు మార్చి వచ్చునప్పటికి పెక్కు భాగములు పూర్తి యగును.